చీపురు పుల్లలతో కండరం నమూనా: ముడుచుకోవడాన్ని స్కేలుతో కొలిచి చూపించడం ఎలా

కండరం ఎలా ముడుచుకుంటుందో చేత్తో చూపించమని తరగతిలో అడగండి. చాలామంది పిల్లలు రబ్బరు బ్యాండుని సాగదీసి వదులుతున్నట్టు చూపిస్తారు. వాళ్ళని అనడానికి లేదు. జబ్బ మీద చెయ్యి వేసి మోచెయ్యి మడిస్తే కండ పొట్టిగా, లావుగా అయినట్టే అనిపిస్తుంది, పైగా సైన్సు ఎగ్జిబిషన్లలో కండరం పేరుతో పెట్టే నమూనా కూడా చాలాసార్లు రెండు అట్టముక్కలకి కట్టిన రబ్బరు బ్యాండే. దానితో మోచెయ్యి ఎలా మడత పడుతుందో తెలుస్తుంది గానీ కండరం లోపల జరిగేది మాత్రం తప్పుగా బుర్రకెక్కుతుంది. లోపల ఏ పోగూ పొట్టి అవ్వదు. పొడవు మారని రెండు రకాల పోగులు ఒకదాని పక్క నుంచి ఒకటి జారతాయి, దాంతో మొత్తం పొట్టి అవుతుంది. ఈ సంగతి మనం చెప్తే పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో రాస్తారు, కానీ నమ్మరు. వాళ్ళే స్కేలు పట్టుకుని ముందూ తర్వాతా కొలిస్తే నమ్ముతారు. అందుకే ఈ నమూనా అంతా కొలత చుట్టూనే తయారుచేశాను.

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు బళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మా దగ్గర చాలామంది పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, పై చదువులకి వెళ్తే ఇంగ్లీషు. కండరం అన్నా, మాంసపేశి అన్నా, మజిల్ అన్నా ఒకటేనని ముందు రోజే బోర్డు మీద రాసేస్తే సగం టెన్షన్ తీరిపోతుంది. పర్లాకిమిడి గిడుగు రామమూర్తి పంతులుగారు మాస్టారుగా పనిచేసిన ఊరు, పిల్లల నోట్లో ఆడే మాటల్లోనే పాఠం చెప్పడానికి ఇక్కడ ఎవరూ మొహమాటపడక్కర్లేదు. ల్యాబు లేకపోయినా పర్వాలేదు, కావాల్సినవన్నీ ఇంట్లోనూ కిరాణా కొట్లోనూ దొరికేవే.

ముందు కొలత సంగతి తేల్చుకోవాలి. కండర పోగులో (అంటే పొడవాటి కండర కణంలో, ఇది లోపల జారే పోగుల కంటే చాలా పెద్దది) పదే పదే వచ్చే చిన్న ముక్క పేరు సార్కోమియర్. దానికి రెండు చివరలా జెడ్ గీతలు ఉంటాయి. వాటి నుంచి లోపలికి సన్న పోగులు వస్తాయి, అవి ఆక్టిన్. మధ్యలో ఏ చివరనీ తాకకుండా లావు పోగులు ఉంటాయి, అవి మయోసిన్. కప్ప కండరంలో లావు పోగు పొడవు సుమారు 1.6 మైక్రోమీటర్లు, ఒక్కో వైపు సన్న పోగు సుమారు 1 మైక్రోమీటరు (మనిషిలో సన్న పోగు ఇంకొంచెం పొడవు). మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనం ఒక మైక్రోమీటరుని 10 సెంటీమీటర్లుగా తీసుకుందాం, అంటే లక్ష రెట్లు పెద్దది చేస్తున్నాం. అప్పుడు లావు పోగు 16 సెం.మీ., సన్న పోగు 10 సెం.మీ. అవుతాయి. దయచేసి ఈ కొలతలు మార్చకండి. నచ్చిన పొడవులో పుల్లలు విరిచి అతికించినా బొమ్మ అందంగానే వస్తుంది, కానీ కింద చెప్పబోయే లెక్క ఒక్కటీ కుదరదు.

కొబ్బరి చీపురు ఈ పనికి చక్కగా సరిపోతుంది. ఒకే పుల్ల మొదట్లో లావుగా, చివర్లో సన్నగా ఉంటుంది కదా. లక్ష రెట్లు పెంచితే మయోసిన్ పోగు మందం ఒకటిన్నర మిల్లీమీటరు దాకా వస్తుంది, ఆక్టిన్ పోగు మిల్లీమీటరు కూడా ఉండదు. కాబట్టి లావు పోగులకి పుల్ల మొదలు, సన్న పోగులకి పుల్ల చివర తీసుకుంటే పొడవుతో పాటు మందం కూడా దాదాపు కుదురుతుంది. కూల్‌డ్రింక్ స్ట్రాలో పుల్ల దూర్చి చూపించే పద్ధతి ఒకటి ఉంది, అది వద్దు. చెయ్యడం సులువే గానీ, సన్న పోగు లావు పోగు లోపలికి దూరిపోతుందని పిల్లలకి ముద్ర పడిపోతుంది. నిజంగా అది పక్కగా జారుతుంది, లోపలికి వెళ్ళదు.

కిరాణా కొట్టు అట్టపెట్టె నుంచి 44 సెం.మీ. పొడవు, 16 సెం.మీ. వెడల్పు ఉన్న ముక్క కోసుకోండి. దాని మీద తెల్లకాగితం అంటించి సరిగ్గా నడిమధ్యన నిలువు గీత గీయండి, అది సున్నా. అక్కడి నుంచి రెండు వైపులా సెంటీమీటర్లు గుర్తుపెట్టుకుంటూ 20 దాకా వెళ్ళండి. కింది అంచు దగ్గర ఈ చివర నుంచి ఆ చివరకి ఒక పుల్లని అడ్డంగా అంటించండి, కదిలే ముక్కలు దాని మీద ఆనుకుని వంకర పోకుండా జారతాయి.

తర్వాత 16 సెం.మీ. లావు పుల్లలు రెండు తీసుకుని, ఆనింపు పుల్ల నుంచి 4, 8 సెం.మీ. ఎత్తుల్లో, ఒక్కో పుల్ల సున్నాకి అటు 8 ఇటు 8 వచ్చేలా అట్టకి గట్టిగా అంటించెయ్యండి. ఇవి ఇక కదలవు. జెడ్ గీతల కోసం 3 సెం.మీ. వెడల్పు, 12 సెం.మీ. ఎత్తు ఉన్న అట్టముక్కలు రెండు కావాలి. ఒక్కోదానికి మూడేసి సన్న పుల్లలు, 2, 6, 10 సెం.మీ. ఎత్తుల్లో అంటించాలి. పుల్లని 12 సెం.మీ. విరవండి, 2 సెం.మీ. అట్టకి అంటుకుంటుంది, బయటికి కచ్చితంగా 10 మిగలాలి. ఈ పది దగ్గర పిల్లలు తొందరపడతారు, మీరు ఒకసారి స్కేలు పెట్టి చూడండి. ఆ మూడు పుల్లలూ రెండు లావు పుల్లల పైనా, మధ్యా, కిందా వచ్చేలా అటొక ముక్క ఇటొక ముక్క పెట్టండి. పుల్లలు పైకి లేవకుండా 9 సెం.మీ. గుర్తు దగ్గర రెండు వైపులా ఒక సెంటీమీటరు వెడల్పు కాగితపు పట్టీని పుల్లల పైనుంచి నిలువునా వేసి, పట్టీ కొసలు రెండే అట్టకి అంటించండి. పట్టీ బిగుతుగా ఉంటే పుల్లలు ఆగిపోతాయి, కాస్త వదులు ఇవ్వండి. ఫెవికాల్ రాత్రంతా ఆరనిస్తేనే మంచిది, కాబట్టి చెయ్యడం ఒక రోజు పెట్టుకుని, కొలవడం మర్నాటి పీరియడ్‌కి ఉంచుకోండి.

లావు పోగుకీ సన్న పోగుకీ మధ్య మనం ఇచ్చిన 2 సెం.మీ. ఎడం మాత్రం నిజమైన కొలత కాదు. చెయ్యి ఆడటానికి, తర్వాత లావు పుల్లకి అంటించబోయే తలలు కనిపించడానికి పెంచాం. ఇది పిల్లలకి చెప్పెయ్యాలి, నమూనాలో ఏది నిజం కొలత, ఏది మన సౌకర్యం అన్నది వాళ్ళకి తెలియాలి.

ఇక తలలు. మయోసిన్ పోగు నుంచి పక్కలకి చిన్న తలలు పొడుచుకొస్తాయి, ఆక్టిన్‌ని పట్టి లాగేవి అవే. నిజమైన పోగులో సుమారు 300 మయోసిన్ అణువులుంటాయి, ఒక్కోదానికి రెండేసి తలలు. మనకి అన్ని అక్కర్లేదు, పై లావు పుల్లకి పైపక్కన పెడితే చాలు. పాత పెళ్ళి కార్డు మందంగా ఉంటుంది, దాన్నుంచి సన్న ముక్కలు 14 కోసి, సున్నా నుంచి 1.5, 2.5, 3.5 అలా 7.5 వరకు ఒక వైపు ఏడు, రెండో వైపు ఏడు అంటించండి. మధ్యలో అటొక సెంటీమీటరు ఇటొక సెంటీమీటరు ఖాళీగా వదిలెయ్యాలి, నిజమైన మయోసిన్ పోగు నడుమ కూడా తలలు లేని భాగం దాదాపు అంతే ఉంటుంది. రెండు వైపుల తలలకి రెండు రంగులు వేసి, రెండిటి మీదా మధ్యకి చూసే బాణం గుర్తులు పెట్టండి. అమ్మే చార్టుల్లో తలలన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉన్నవి కనిపిస్తే సరిచెయ్యండి. ఎడమ సగం కుడికి లాగుతుంది, కుడి సగం ఎడమకి లాగుతుంది, అందుకే రెండు జెడ్ గీతలూ దగ్గరకొస్తాయి.

మర్నాడు కొలత. జెడ్ ముక్కల లోపలి అంచులు సున్నా నుంచి 12 మీద పెట్టించండి, సార్కోమియర్ పొడవు 24 అయింది. నాలుగు కొలతలు పిల్లల చేతే రాయించండి: లావు పుల్ల పొడవు, సన్న పుల్ల పొడవు, ఎదురెదురు సన్న పుల్లల కొనల మధ్య ఎడం, జెడ్ ముక్క నుంచి లావు పుల్ల మొదలయ్యే చోటుకి దూరం. వరుసగా 16, 10, 4, 4 వస్తాయి. ఇప్పుడు రెండు ముక్కల్నీ మెల్లగా లోపలికి జరిపి 10 మీద ఆపండి, సార్కోమియర్ 20 అయింది. మళ్ళీ కొలిపించండి. 16, 10, 0, 2. కొలిచేశాక మీరేమీ చెప్పకండి, ఏవి మారలేదో పిల్లల్నే చెప్పనివ్వండి. రెండు పుల్లలూ అంతే ఉన్నాయి, ఖాళీలే తగ్గాయి అని ఎవరో ఒకరు అంటారు. పేర్లు చెప్పాల్సింది అప్పుడే. లావు పోగు ఉన్నంత మేరా ఎ పట్టీ, అది మారదు. లావు పోగు లేని భాగం ఐ పట్టీ, అది తగ్గుతుంది. మధ్యలో సన్న పోగు అందని భాగం హెచ్ ప్రాంతం, అది మాయమవుతుంది. ఐ పట్టీ జెడ్ గీతకి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి మన నమూనాలో ఒక్కో వైపు దాని సగమే కనిపిస్తుందని గుర్తుచెయ్యండి.

శాస్త్రవేత్తలు పట్టుకున్న ఆధారం కూడా ఇదే. 1954 మే 22న నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు జట్ల వ్యాసాలు వచ్చాయి, ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కెలది, రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. ఇద్దరు హక్స్‌లీలకీ చుట్టరికం లేదు. ముడుచుకున్నప్పుడు ఎ పట్టీ వెడల్పు మారడం లేదని రెండు జట్లూ చూశాయి. పుల్లలు కొలిచిన పిల్లకి ఈ మాట చెప్తే, తను చేసింది ఆటబొమ్మ పని కాదని అర్థమవుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం దీని తర్వాత వస్తుంది, టైము తక్కువుంటే మిగతాది కుదించండి గానీ దీన్ని వదలకండి. సార్కోమియర్‌ని 36 దాకా లాగమనండి, అంటే ముక్కలు చెరో 18 మీద. ఎన్ని తలల ఎదురుగా సన్న పుల్ల ఉందో ఒక వైపు లెక్కపెట్టించండి. ఒక్కటీ లేదు. 34కి తెస్తే ఒకటి. 32కి రెండు, 30కి మూడు, 28కి నాలుగు, 26కి అయిదు, 24కి ఆరు, 22కి ఏడు. 20కి తెచ్చినా ఏడే, ఎందుకంటే పుల్ల కొన తలలు లేని భాగంలోకి వచ్చింది, కొత్తగా పట్టుకునే తల ఏదీ లేదు. అడ్డంగా పొడవు, నిలువుగా తలల లెక్క పెట్టి గ్రాఫు గీయించండి. 20 నుంచి 22 వరకు చదునుగా వెళ్ళి, అక్కడి నుంచి తిన్నగా దిగుతూ 36 దగ్గర సున్నాకి చేరుతుంది. 1966లో గోర్డన్, ఆండ్రూ హక్స్‌లీ, జూలియన్ కప్ప కండర పోగుని రకరకాల పొడవుల్లో పట్టి ఎంత బలంతో లాగుతుందో కొలిచారు. బలం 2 నుంచి 2.2 మైక్రోమీటర్ల దగ్గర అన్నిటికంటే ఎక్కువ, అక్కడి నుంచి తిన్నగా తగ్గి 3.65 దగ్గర సున్నా. చీపురు పుల్లలతో మన పిల్లలు గీసిన గీత దాదాపు అదే. బలం ఎన్ని తలలు పట్టుకోగలవన్న దాని మీద ఆధారపడుతుందని ఇంతకంటే తేలిగ్గా చూపించే దారి నాకు తెలియదు. 20 కంటే లోపలికి మన నమూనా వెళ్ళదు, పుల్లలు ఒకదానికొకటి తగులుకుంటాయి. నిజం కండరంలో సన్న పోగులు ఒకదాని మీదకి ఒకటి వచ్చి బలం తగ్గడం మొదలవుతుంది, ఆ మాట నోటితో చెప్తే చాలు.

ఇక్కడిదాకా ముక్కల్ని మన చేత్తో తోశాం. తలలు ఎలా లాగుతాయన్నది పుల్లల్లో కనిపించదు, దానికి పిల్లల్నే తలలు చెయ్యాలి. బడి ఆవరణలో చెట్టు కొమ్మ మీదుగా నూలు తాడు వేసి (కొబ్బరి తాడు వద్దు, అరచేతులు ఒరుసుకుపోతాయి) ఒక చివర సగం నీళ్ళున్న బాల్చీ కట్టండి. బాల్చీ కింద ఎవరూ నిలబడకూడదు, ఇది గట్టిగా చెప్పాలి. రెండో చివర పట్టుకుని ఎనిమిది మంది వరుసగా నిలబడతారు, కాళ్ళు కదపకూడదు, కుడిచెయ్యి ఒక్కటే వాడాలి. పట్టుకో, లాగు, వదులు, చెయ్యి చాచు, మళ్ళీ పట్టుకో. మొదటిసారి మీరే అరుస్తూ అందరి చేతా ఒకేసారి చేయించండి. వదులు అనగానే బాల్చీ దబ్బున కిందికొస్తుంది. రెండోసారి ఎవరి లయలో వాళ్ళని చెయ్యమనండి. బాల్చీ ఆగకుండా పైకి వెళ్తుంది. నూతిలో చేద తోడేటప్పుడు ఒక చెయ్యి వదిలినా రెండో చెయ్యి తాడు పట్టుకుని ఉంటుందే, అదే ఇక్కడ వందల తలలతో జరుగుతోంది. తలలన్నీ ఒకేసారి వదలవు.

మూడోసారి ఎడమచేతిలో తలా పది కాగితపు చీటీలు పెట్టండి, చీటీ పేరు ఏటీపీ, కణాలకి శక్తినిచ్చే అణువు. తాడు వదలాలంటే ఒక చీటీ కింద పడెయ్యాలి. చీటీ లేకపోతే వదిలే హక్కు లేదు. కాసేపటికి ఒక్కొక్కరి చీటీలూ అయిపోయి పిడికిళ్ళు తాడు మీదే బిగుసుకుంటాయి, బాల్చీ పైకీ పోదు, కిందికీ రాదు. ఏటీపీ శక్తి ఇస్తుందని మాత్రమే నేర్చుకున్న పిల్లలు ఇక్కడ ఆగి ఆలోచిస్తారు, ఎందుకంటే శక్తి అయిపోతే పట్టు వదులైపోవాలి కదా అని వాళ్ళ లెక్క. మయోసిన్ తల ఆక్టిన్‌ని వదలాలంటే ముందు ఏటీపీ వచ్చి దానికి అంటుకోవాలి. వదిలాక ఆ ఏటీపీ విరిగితే తల మళ్ళీ లాగడానికి సిద్ధమవుతుంది. చనిపోయిన జంతువు కొన్ని గంటలకి బిగుసుకుపోవడానికి కారణం ఇదే, ఏటీపీ అయిపోయి తలలు పట్టు విడవలేకపోతాయి. కోడినీ మేకనీ చూసిన పిల్లలకి ఇది వేరే వివరించక్కర్లేదు. ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయిన పిల్ల తరగతిలో ఉంటే ఈ ఉదాహరణ వదిలెయ్యండి.

మరి ఏటీపీ ఎప్పుడూ ఉంటుంది కదా, కండరం ఎప్పుడూ ఎందుకు లాగదు? ఈ ప్రశ్న రాకపోతే మీరే అడగండి. మళ్ళీ అట్ట దగ్గరికి రండి. పై సన్న పుల్ల మీద, తలల వైపు, సన్నటి రిబ్బను ముక్క కప్పండి, అది ట్రోపోమయోసిన్. తలలు పట్టుకోవాల్సిన చోటు మూసి ఉంది. నాడి నుంచి కబురు వస్తే కండర కణం లోపలి సంచుల్లో దాచి ఉంచిన కాల్షియం బయటికొస్తుంది. ఒక పిల్ల చింతపిక్కలు గుప్పెడు అట్ట మీద వెయ్యాలి, అవే కాల్షియం. పిక్కలు పడగానే రెండో పిల్ల రిబ్బను పక్కకి జరపాలి, ఈ పిల్ల ట్రోపోనిన్. చోటు తెరుచుకుంది, అప్పుడే జెడ్ ముక్కలు జరపాలి. కబురు ఆగాక చింతపిక్కలన్నీ ఏరి గిన్నెలో వేస్తేనే రిబ్బను వెనక్కొస్తుంది. ఆ ఏరే పనికి కూడా ఏటీపీ ఖర్చవుతుందని చెప్పి, ఒక్కో పిక్కకీ ఒక చీటీ అడిగితే పిల్లలకి సరదాగా ఉంటుంది, నిజంలో లెక్క ఒకటికి రెండు అయినా సరే (ఒక ఏటీపీతో రెండు కాల్షియం అయాన్లు లోపలికి వెళ్తాయి, పెద్ద తరగతి పిల్లలైతే అలాగే ఆడించండి).

చివర్లో ఒక లెక్క ఇవ్వండి. తల ఒకసారి లాగితే సన్న పోగు 5 నుంచి 10 నానోమీటర్లు (నానోమీటరంటే మైక్రోమీటరులో వెయ్యో వంతు) జరుగుతుంది, 10 అనుకుంటే మన అట్ట మీద అది ఒక మిల్లీమీటరు. మనం జెడ్ ముక్కని 12 నుంచి 10కి, అంటే 2 సెం.మీ. జరిపాం. ఎన్ని లాగులు పట్టి ఉంటాయి? ఇరవై. ఒక సార్కోమియర్ 2.4 నుంచి 2 మైక్రోమీటర్లకి తగ్గింది, తగ్గింది 0.4 మాత్రమే, ఇంత చిన్న జరుగుడుతో చెయ్యి ఎలా లేస్తుందని పిల్లలకి అనుమానం వస్తుంది, రావాలి కూడా. పది సెంటీమీటర్ల కండర పోగులో ఇలాంటివి వరుసగా సుమారు 40,000 ఉంటాయి, అన్నీ కలిపితే ఆ కండర పోగు మొత్తం దాదాపు 1.6 సెంటీమీటర్లు పొట్టి అవుతుంది. నాలుగు జట్లు నాలుగు అట్టలు చేసి ఉంటే వాటిని వరుసగా పెట్టి, ఒకేసారి జరిపి మొత్తం ఎంత తగ్గిందో కొలిపించండి, కూడటం వాళ్ళకే వచ్చేస్తుంది.

ముడుచుకున్న అట్టని మళ్ళీ 24కి తేవాలంటే బయటి నుంచి ఎవరో లాగాలి, తలలు వెనక్కి తొయ్యలేవు. కండరం కూడా అంతే, లాగడమే గానీ తొయ్యడం రాదు, అందుకే మోచేతికి ముందొక కండరం వెనకొక కండరం. ఇది చూపించడానికి చికెన్ షాపులో పారేసే కోడి కాళ్ళు ఒక జత అడిగి తెచ్చుకోండి. తెగిన చోట తెల్లగా గట్టిగా కనిపించే టెండాన్లు, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళు ఉంటాయి. వెనకవైపు దాన్ని పట్టకారుతో లాగితే గోళ్ళు ముడుచుకుంటాయి, ముందువైపు దాన్ని లాగితే విచ్చుకుంటాయి. మాంసం ముట్టని ఇళ్ళ పిల్లల్ని బలవంతపెట్టకండి, దూరం నుంచి చూసినా సరిపోతుంది. ముట్టుకున్న వాళ్ళందరి చేతా సబ్బుతో చేతులు కడిగించి, కోడి కాళ్ళు గుంట తీసి పూడ్చెయ్యండి, బడి వెనక వదిలితే కుక్కలు మళ్ళీ తరగతి గుమ్మం దగ్గరికే తెస్తాయి.